మీ కంప్యూటర్‌లో టైము ఎంతయింది?

మన హాస్టళ్ళలో రోజు గంటతోనే మొదలవుతుంది. లేవడానికి గంట, టిఫిన్‌కు గంట, సాయంత్రం స్టడీ అవర్‌కు గంట. గంట కొట్టేవారి గడియారం పది నిమిషాలు వెనుకబడితే హాస్టల్ అంతా పది నిమిషాలు వెనుకబడుతుంది. అందరం కలిసే వెనుకబడతాం కాబట్టి లోపల ఉన్నంతసేపు ఎవరికీ నష్టం కనిపించదు. బస్సుకో, రైలుకో, పరీక్షకో బయలుదేరిన రోజున తెలుస్తుంది. ఎందుకంటే వాటికి మన గంట వినపడదు.

కంప్యూటర్ సంగతీ అంతే. ఒకప్పుడు ఇంట్లో కంప్యూటర్ ఉంటే పాటలు వినడానికి, టైపింగ్ నేర్చుకోవడానికి వాడేవాళ్ళం. దాని మూలన కనిపించే టైము తప్పయినా పట్టించుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, రైలు టికెట్టు అన్నీ ఆ కంప్యూటర్ మీదే. ప్రతిదానికీ ఒక గడువు, గడువుకు ఒక నిమిషం ఉన్నాయి. అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంట్లోని కంప్యూటర్ గడియారం ఎందుకు తప్పుతుంది, దానంతట అదే సరిచేసుకునేలా ఎలా పెట్టాలి అన్నది ఈ పాఠంలో నేర్చుకుందాం. హాస్టల్ వదిలి ఉద్యోగాల్లో ఉన్న మన పాత విద్యార్థులకు కూడా ఇది పనికొస్తుందని అనుకుంటున్నాను.

నిమిషం విలువ

మన రాష్ట్రంలో పరీక్షలు రాసేవారికి 'నిమిషం నిబంధన' కొత్త మాట కాదు. ఎంసెట్‌కు, ఇప్పుడు ఎప్‌సెట్‌కు, నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. ఇంటర్ పరీక్షల్లో కూడా ఇదే పద్ధతి ఉండేది. 2024 మార్చిలో పరీక్షలు జరుగుతుండగా బోర్డు ఐదు నిమిషాల వరకు వెసులుబాటు ఇచ్చింది. ఆన్‌లైన్ దరఖాస్తు గడువు కూడా గేటు లాంటిదే. గడువు దాటగానే పేజీ మూసుకుపోతుంది. గేటు దగ్గరైతే బతిమాలడానికి ఒక మనిషి ఉంటాడు, ఇక్కడ అదీ లేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. గడువును లెక్కపెట్టేది మన కంప్యూటర్ గడియారం కాదు, ఆ వెబ్‌సైటు నడిచే సర్వర్ గడియారం. మన గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పితే గడువు పది నిమిషాలు పెరగదు. మన గడియారం నాలుగు నిమిషాలు వెనుకబడి ఉందనుకోండి, '11 గంటల 57 నిమిషాలే కదా' అని మనం సర్టిఫికెట్ వెతుక్కుంటూ ఉండగా అక్కడ 12 గంటల ఒక నిమిషం అయిపోయి ఉంటుంది. రైల్వే తత్కాల్ టికెట్లు స్లీపర్ క్లాసుకు ఉదయం 11 గంటలకు మొదలవుతాయి. 11 గంటల 2 నిమిషాలకు వెళ్ళినవారికి తరచుగా వెయిటింగ్ లిస్టే దొరుకుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కంప్యూటర్‌లో తేదీ సంవత్సరాల తేడాతో తప్పితే దరఖాస్తు సైట్లు అసలు తెరుచుకోవు. భద్రత గల ప్రతి వెబ్‌సైటుకు ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది. అది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. మన కంప్యూటర్ 2009లో ఉన్నానని అనుకుంటే, ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కదా అని సైటును నమ్మదు. క్రోమ్ బ్రౌజర్ అయితే 'యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్' అని చెబుతుంది. చాలామంది దాన్ని చదవకుండా నెట్ బాగాలేదనో, ఈ-పాస్ సైటు పనిచేయడం లేదనో అనుకుని తిరిగి వెళ్ళిపోతారు. తప్పు సైటుది కాదు, మన గడియారానిది.

మన టైము ఎవరి టైము?

గడియారాన్ని సరిచేయాలంటే దేనితో సరిచూడాలో ముందు తెలియాలి. పూర్వం ఏ ఊరి టైము ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు మధ్యాహ్నం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి తూర్పున ఉన్న ఊరికి మధ్యాహ్నం ముందు వస్తుంది. మహబూబాబాద్ సుమారు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, జనగామ సుమారు 79.2 డిగ్రీల మీద ఉన్నాయి. అంటే సూర్యుణ్ణి బట్టి చూస్తే మానుకోటలో మధ్యాహ్నమైన మూడు నిమిషాల తర్వాత గాని జనగామలో మధ్యాహ్నం కాదు. భూపాలపల్లి ఈ రెండింటి మధ్య, మానుకోటకు దగ్గరగా, సుమారు 79.9 డిగ్రీల మీద ఉంది.

ఎడ్లబండి ప్రయాణానికి ఈ మూడు నిమిషాలు లెక్కలోకి రావు. రైలు వచ్చాక వచ్చాయి. నిజాం రాజ్యంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం వేశారు. అది మన జనగామ, కాజీపేట, మహబూబాబాద్ వైపుగా పెరిగి 1889లో బెజవాడను చేరింది. ఒక్కో స్టేషనులో ఒక్కో టైము ఉంటే బండ్లు నడపడం ప్రమాదం. అందుకని దేశంలో రైళ్ళు ఎక్కువగా మద్రాసు వేధశాల టైము ప్రకారం నడిచేవి. తర్వాత 1906 జనవరి 1 నుంచి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం అమల్లోకి వచ్చింది. అయినా కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ సొంత టైములు వదల్లేదు. అలవాటు అంత గట్టిది!

ఆ రేఖాంశం లెక్కన చూస్తే సూర్యుడి మధ్యాహ్నం సగటున గడియారంలో 12 గంటలు కొట్టాక మహబూబాబాద్‌లో సుమారు 10 నిమిషాలకు, భూపాలపల్లిలో సుమారు పదిన్నర నిమిషాలకు, జనగామలో సుమారు 13 నిమిషాలకు వస్తుంది. అయినా మూడు ఊళ్ళూ ఒకే టైము పాటిస్తాయి. ఆ ఒకే టైమును దేశానికి అందించే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. అక్కడ అణు గడియారాలు ఉన్నాయి. 1967 నుంచి సెకనుకు నిర్వచనమే సీజియం అణువును బట్టి చెబుతున్నారు. ఆ అణువు నుంచి వచ్చే ఒక తరంగం 919,26,31,770 సార్లు ఊగితే ఒక సెకను. ప్రపంచ సమయానికి, అంటే యు.టి.సి.కి, ఐదున్నర గంటలు కలిపితే మన టైము. ఈ ఐదున్నర గంటల సంఖ్యను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కంప్యూటర్ లోపలి గడియారం

కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు తీసి, రేపు మళ్ళీ ఆన్ చేస్తే టైము సరిగ్గానే చూపిస్తుంది. ఎలా? మదర్‌బోర్డు మీద ఒక చిన్న గడియారం చిప్ ఉంటుంది. కంప్యూటర్ ఆగినా అది నడుస్తూనే ఉంటుంది. దానికి కరెంటు ఇచ్చేది ఒక గుండ్రటి బిళ్ళ బ్యాటరీ. సాధారణంగా డెస్క్‌టాప్‌లలో సి.ఆర్.2032 అనే 3 వోల్టుల బ్యాటరీ వాడతారు. రూపాయి బిళ్ళలా ఉంటుంది కాబట్టి చూడగానే గుర్తుపట్టవచ్చు.

ఆ గడియారానికి గుండెకాయ ఒక క్వార్ట్జ్ స్ఫటికం. కరెంటు తగిలితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్య ఊరికే ఎంచుకున్నది కాదు. 2ను 15 సార్లు గుణిస్తే 32,768. ఆ కంపనాలను వరుసగా 15 సార్లు సగం చేస్తే సెకనుకు సరిగ్గా ఒక్క టిక్కు మిగులుతుంది. మన చేతి వాచీల్లో, గోడ గడియారాల్లో కూడా ఉండేది ఇదే.

అయితే ఏ స్ఫటికమూ నూటికి నూరు పాళ్ళు సరిగ్గా ఉండదు. పది లక్షల్లో 20 పాళ్ళ తేడా మామూలు. చిన్న లెక్క చేద్దాం. రోజుకు 86,400 సెకన్లు. అందులో పది లక్షలకు 20 అంటే 1.7 సెకన్లు. నెలకు దాదాపు 52 సెకన్లు. అంటే ఎవరూ ముట్టుకోని, చెడిపోని, మంచి గడియారం కూడా నెలకు నిమిషం దగ్గర దగ్గరగా తప్పవచ్చు.

దీనికి వేడి తోడవుతుంది. ఈ స్ఫటికాలను 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారు చేస్తారు. అంతకంటే వేడి ఎక్కినా, చల్లబడినా నెమ్మదిస్తాయి. మన ఎండాకాలంలో రేకుల గదిలో పెట్టిన కంప్యూటర్ లోపల 45 డిగ్రీలు ఉందంటే ఆ వేడి వల్లనే గడియారం రోజుకు ఇంకో సెకను పైగా వెనుకబడుతుంది. కాబట్టి టైము తప్పిందంటే కంప్యూటర్ పాడైందని కంగారు పడనవసరం లేదు.

తేడా ఎంతో చూడండి, కారణం తెలుస్తుంది

డాక్టరు జ్వరం ఎంత ఉందో చూసి మందు రాసినట్టే, గడియారం ఎంత తప్పిందో చూస్తే ఏం చేయాలో చాలావరకు తెలిసిపోతుంది. ముందు మీ ఫోన్‌లో ఆటోమేటిక్ టైము ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, దానితో కంప్యూటర్ టైమును పోల్చండి.

1. కొన్ని సెకన్లు లేదా ఒకటి రెండు నిమిషాల తేడా: ఇది స్ఫటికం వల్ల వచ్చే మామూలు తేడా. ఇంటర్నెట్ టైముతో సరిచూసే సదుపాయం ఆన్ చేస్తే చాలు.

2. నిమిషాలు సరిగ్గా ఉండి గంటలు తప్పడం, ముఖ్యంగా పన్నెండున్నర లేక పదమూడున్నర గంటలు వెనుకబడి ఉండటం: టైమ్ జోన్ తప్పు. కొత్తగా విండోస్ వేసినప్పుడు అమెరికా పసిఫిక్ టైము అలాగే వదిలేస్తే ఇలా జరుగుతుంది. అక్కడి చలికాలంలో మనకూ వాళ్ళకూ తేడా పదమూడున్నర గంటలు, ఎండాకాలంలో పన్నెండున్నర. ఇలాంటప్పుడు గంటల ముల్లు తిప్పకూడదు, జోన్ మార్చాలి. గంటలు మాత్రమే మారిస్తే ఇంటర్నెట్‌తో సరిచూసిన మరుక్షణం మళ్ళీ తప్పు టైమే వస్తుంది.

3. సరిగ్గా ఐదున్నర గంటల తేడా: ఇది కూడా జోన్ తప్పు కావచ్చు. లేదా ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉండవచ్చు. లోపలి చిప్‌లో విండోస్ మన టైమును రాస్తుంది, లైనక్స్ సాధారణంగా ప్రపంచ సమయాన్ని రాస్తుంది. ఒకటి రాసింది ఇంకొకటి తప్పుగా చదువుకుంటుంది. రెండింటిలోనూ ఆటోమేటిక్ టైము ఆన్ చేస్తే నెట్ తగిలిన కాసేపటికి సర్దుకుంటుంది.

4. ఆన్ చేసిన ప్రతిసారీ పాత సంవత్సరం కనిపించడం, లేదా రాత్రి ఆపిన టైము దగ్గరే ఉదయం మొదలుకావడం: బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. ఇంటర్నెట్ సెట్టింగులు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, బ్యాటరీ మార్చాలి.

ఈ నాలుగూ తెలిస్తే అనవసరంగా కంప్యూటర్‌ను మోసుకుని వరంగల్ దాకా రిపేరుకు వెళ్ళే పని తప్పుతుంది.

ఇంటర్నెట్ నుంచి టైము ఎలా వస్తుంది?

భూపాలపల్లి వైపు మిత్రులు 'సింక్రనైజేషన్' అనే మాటను పేపర్లో చదివే ఉంటారు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. అక్కడి యూనిట్‌ను గ్రిడ్డుకు కలిపే ముందు దాని కరెంటు లయ గ్రిడ్డు లయతో సరిపోవాలి. అలా కలపడాన్నే సింక్రనైజ్ చేయడం అంటారు. గడియారాల విషయంలో కూడా అర్థం అదే. మన గడియారాన్ని పెద్ద గడియారం లయతో కలపడం.

ఇందుకోసం వాడే పద్ధతి పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రొటోకాల్, క్లుప్తంగా ఎన్.టి.పి. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ దీన్ని రూపొందించాడు. 1985లో మొదటిసారి వెలువడిన ఈ పద్ధతి ఇంటర్నెట్‌లో నేటికీ వాడుకలో ఉన్న అతి పాత పద్ధతుల్లో ఒకటి. ఆయన 2024 జనవరిలో కన్నుమూశాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. 'టైము ఎంత?' అని ఢిల్లీని అడిగితే జవాబు మన దగ్గరికి వచ్చేసరికి కొంత సమయం గడిచిపోతుంది. అంటే జవాబు వచ్చేసరికే పాతబడుతుంది. మరి సరైన టైము ఎలా తెలుస్తుంది? హాస్టల్ ఉదాహరణతో చూద్దాం.

హాస్టల్ గడియారం సరిగ్గా లేదని అనుమానం. రైల్వేస్టేషన్ గడియారం చూసి రమ్మని ఒక తమ్ముణ్ణి పంపారు. అతను బయలుదేరినప్పుడు హాస్టల్ గడియారంలో 6 గంటలు. స్టేషన్ చేరినప్పుడు అక్కడి గడియారంలో 6 గంటల 12 నిమిషాలు. ఒక నిమిషం ఆగి, అక్కడి గడియారంలో 6 గంటల 13 నిమిషాలకు తిరుగుముఖం పట్టాడు. హాస్టల్ చేరేసరికి మన గడియారంలో 6 గంటల 17 నిమిషాలు. ఈ నాలుగు అంకెలూ చీటీ మీద రాసుకున్నాడు.

మన గడియారం ప్రకారం అతను బయట ఉన్నది 17 నిమిషాలు. అందులో స్టేషన్‌లో ఆగింది 1 నిమిషం. నడకకు పట్టింది 16. పోను 8, రాను 8. అతను స్టేషన్ చేరినప్పుడు మన గడియారం 6 గంటల 8 నిమిషాలు చూపిస్తూ ఉండాలి. అక్కడ మాత్రం 6 గంటల 12 నిమిషాలు. అంటే మన గడియారం 4 నిమిషాలు వెనుక ఉంది. చూశారా! దారిలో ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియకపోయినా తేడా తెలిసిపోయింది.

కంప్యూటర్ చేసేది అచ్చంగా ఇదే. ఒక చీటీ పంపుతుంది, నాలుగు అంకెలు తెచ్చుకుంటుంది, తీసివేతలు చేసుకుంటుంది. పోవడానికి, రావడానికి సమానంగా పట్టిందని అనుకోవడమే ఇందులోని బలహీనత. తమ్ముడు వెళ్ళేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు ఆటో ఎక్కితే లెక్క తప్పుతుంది. కానీ ఇంటర్నెట్‌లో మొత్తం ప్రయాణమే సెకనులో చిన్న భాగం కాబట్టి తప్పు అంతకంటే చిన్నదిగానే ఉంటుంది. పైగా మంచి సాఫ్ట్‌వేర్లు ఒక్కరినే నమ్మకుండా నలుగురు సర్వర్లను అడిగి, పొంతన లేని జవాబును పక్కన పెడతాయి.

డేటా ఖర్చవుతుందేమోనని భయపడకండి. ఎన్.టి.పి. చీటీ పరిమాణం 48 బైట్లు. మీద అంటించే అడ్రసు కలుపుకున్నా 76 బైట్లు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కంప్యూటర్ వాడేవారు రోజుకు పదిసార్లు సరిచూసినా ఒక చిన్న ఫొటోలో వందో వంతు కూడా కాదు.

సెట్టింగులు చేసే విధానం

విండోస్ 10, 11 ఉన్నవారు: స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. టైమ్ అండ్ లాంగ్వేజ్, తర్వాత డేట్ అండ్ టైమ్ తెరవండి. ముందు టైమ్ జోన్ చూడండి. 'చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ' అని, పక్కన +05:30 అని ఉండాలి. తర్వాత 'సెట్ టైమ్ ఆటోమేటికల్లీ' అన్న మీట ఆన్ చేయండి. కింద 'సింక్ నౌ' అని ఉంటుంది, దాన్ని ఒకసారి నొక్కండి.

పాత విండోస్ 7, ఎక్స్.పి. కంప్యూటర్లు ఇంకా వాడుతున్నవారు: టైము మీద నొక్కి డేట్ అండ్ టైమ్ పెట్టె తెరిస్తే 'ఇంటర్నెట్ టైమ్' అన్న భాగం ఉంటుంది. అందులో సర్వర్‌తో సింక్రనైజ్ చేయమనే గడిలో టిక్కు పెట్టి 'అప్‌డేట్ నౌ' నొక్కాలి. 2001లో వచ్చిన ఎక్స్.పి. వారానికి ఒక్కసారే టైము సరిచూసుకునేలా ఉండేది. ముందు వేసిన లెక్క ప్రకారం వారంలో 12 సెకన్ల దాకా తేడా రావచ్చు. తత్కాల్ లాంటి ముఖ్యమైన పని ఉన్న రోజున ఒకసారి మనమే నొక్కుకోవడం మంచిది.

ఉబుంటు ఉన్నవారు: సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి 'ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్' ఆన్ చేస్తే సరిపోతుంది.

ఇక్కడ చాలామందికి ఎదురయ్యే ఒక ఇబ్బంది చెబుతాను. తేదీ సంవత్సరాల తేడాతో ఉన్నప్పుడు 'సింక్ నౌ' నొక్కినా పని జరగకపోవచ్చు. తేడా 15 గంటలకు మించితే ఇంటి కంప్యూటర్‌లోని విండోస్ సాధారణంగా తనంతట తాను సరిచేయదు. ఎవరో మోసగాడు తప్పు టైము పంపుతున్నాడేమోనన్న జాగ్రత్త అది. అప్పుడు ముందుగా తేదీ, సంవత్సరం, గంటలు చేత్తో సరిచేసి, ఆ తర్వాత సింక్ నొక్కండి. మిగిలిన సెకన్లు అది చూసుకుంటుంది.

సర్వర్ మార్చాలనుకునేవారికి: విండోస్‌లో మొదట ఉండేది 'టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్'. మన జాతీయ భౌతిక ప్రయోగశాల వారిది 'టైమ్ డాట్ ఎన్.పి.ఎల్.ఇండియా డాట్ ఆర్గ్'. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా, డాట్ అన్నచోట చుక్క పెట్టాలి. ఎన్.పి.ఎల్. అన్న మూడక్షరాల మధ్య చుక్కలు ఉండవు. మామూలు అవసరాలకు ఏదైనా పరవాలేదు. సంస్థలకు మాత్రం నియమం వేరు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ కంప్యూటర్ల టైమును జాతీయ భౌతిక ప్రయోగశాల లేక ఎన్.ఐ.సి. సర్వర్లతో గాని, వాటితో సరిచూసుకునే సర్వర్లతో గాని కలపాలి. ఎవరి ఖాతాలోంచో డబ్బు పోతే బ్యాంకు టైము ఒకటి, ఫోన్ కంపెనీ టైము ఇంకొకటి అయితే దొంగ జాడ పట్టుకోవడం కష్టం కదా.

బ్యాటరీ మార్చడం

డెస్క్‌టాప్ అయితే ఈ పని మనమే చేసుకోవచ్చు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పూర్తిగా తీయండి. పక్క మూత విప్పే ముందు కేబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. బిళ్ళ బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పును నెమ్మదిగా జరిపితే బ్యాటరీ పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టండి. ఎలక్ట్రికల్ షాపుల్లో, వాచీ రిపేరు దుకాణాల్లో సి.ఆర్.2032 అని అడిగితే తక్కువ ధరకే ఇస్తారు. పాత బ్యాటరీని చిన్నపిల్లలకు అందకుండా వెంటనే తీసేయాలి, మింగితే ప్రాణాపాయం.

ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది. అందులో తేదీ, టైము సరిచేసి భద్రపరచండి. ల్యాప్‌టాప్‌లలో ఈ బ్యాటరీ లోపల వైరుతో ఉంటుంది, కొన్నింటిలో విడిగా ఉండదు. కాబట్టి దాన్ని మెకానిక్ చేతే మార్పించాలి.

నెట్ లేకపోతే?

ఊళ్ళో నెట్ లేని కంప్యూటర్ ఉన్నా చింత లేదు. ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారం తెరిచి పక్కన పెట్టుకోండి. కంప్యూటర్‌లో రాబోయే నిమిషాన్ని ముందే టైపు చేసి, సెకన్ల దగ్గర సున్నాలు ఉంచి, ఫోన్‌లో ఆ నిమిషం మొదలైన క్షణాన ఓకే నొక్కండి. వెనుకటి తరం ఆకాశవాణి వార్తల ముందు వచ్చే పిప్, పిప్ శబ్దాలతో చేతి గడియారాలను ఇలాగే సరిచేసుకునేది. చేత్తో చేసినా సెకను తేడాలో పెట్టవచ్చు. నెలకొకసారి చేయాలి, అంతే.

టైములో ఒక అదనపు సెకను

మన మూడు జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన కొత్త సంవత్సరం, అంటే 2017 జనవరి 1, తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత 5 గంటల 30 నిమిషాలు రాలేదు. మధ్యలో 60వ సెకను ఒకటి అదనంగా వచ్చింది. భూమి తిరుగుడు అణు గడియారంతో సరిగ్గా సరిపోదు కాబట్టి అప్పుడప్పుడు ఇలా ఒక సెకను కలిపేవారు. 1972 నుంచి 27 సార్లు కలిపారు. దీనివల్ల కంప్యూటర్లకు ఇబ్బందులు వస్తున్నందున 2035 నాటికి ఈ పద్ధతిని మానేయాలని 2022లో తూనికలు కొలతల అంతర్జాతీయ సమావేశం నిర్ణయించింది. ఇంటర్నెట్ టైము ఆన్‌లో ఉన్న మన ఇంటి కంప్యూటర్లు ఆ అదనపు సెకనును మనకు తెలియకుండానే సర్దుకున్నాయి.

మీరే చేసి చూడండి

పాఠం చదివితే సరిపోదు, చేతితో చేయాలి. పదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరైనా ఈ మూడు పనులూ చేయగలరు.

ఒకటి. మీ ఇంట్లోని, లేదా వార్డెన్ గారి అనుమతితో హాస్టల్‌లోని కంప్యూటర్‌లో ఆటోమేటిక్ టైము పది రోజులు ఆపి ఉంచండి. దరఖాస్తుల గడువులేవీ లేని రోజులు చూసుకోండి. మొదటి రోజు, పదో రోజు ఫోన్ టైముతో తేడా రాసుకోండి. రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతుందో, పది లక్షలకు ఎన్ని పాళ్ళో లెక్కకట్టండి. తర్వాత మళ్ళీ ఆన్ చేయడం మరచిపోకండి.

రెండు. ఇదే లెక్కను జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి చేసి పోల్చండి. వేడి ప్రభావం మీకే కనిపిస్తుంది. సైన్స్ ఫెయిర్‌కు మంచి ప్రాజెక్టు అవుతుంది, ఖర్చు లేదు.

మూడు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ వాడలో కంప్యూటర్ ఉన్న ఇళ్ళకు వెళ్ళి టైము, జోన్, ఆటోమేటిక్ మీట చూసి రండి. తప్పుంటే సరిచేసి, ఎందుకు తప్పిందో వాళ్ళకు చెప్పండి. ఈ ఏడాది ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక దరఖాస్తు పెట్టే ఉంటారు.

మన హాస్టళ్ళలో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది కూలికి వెళ్ళేవారు. గడువు దాటి స్కాలర్‌షిప్ పోతే ఇంకో దారి చూపించే శక్తి వాళ్ళకు లేదు. మార్కులు తెచ్చుకోవడానికి ఏడాదంతా కష్టపడినవారు నాలుగు నిమిషాలు తప్పిన గడియారం వల్ల ఏడాది పోగొట్టుకోకూడదు. చివరి రోజు దాకా ఆగకుండా ముందే దరఖాస్తు పెట్టడం అన్నింటికంటే మంచిది. తప్పనిసరై చివరి రోజే కూర్చోవలసి వస్తే, ఫారం తెరిచే ముందు ఒకసారి 'సింక్ నౌ' నొక్కండి.